ముందుగా విప్పిన ముడి

పగిడయ్య భద్రాచలం సత్రాలకు విస్తరాకులు వేసి సైకిలు తొక్కుకుంటూ గూడేనికి వచ్చేసరికి రోజూ పొద్దుగూకుతుంది. సైకిలు తడికకు ఆనించి మొహం కడుక్కుంటాడు. చిన్నప్పటి నుంచీ అతన్ని పెంచిన మేనత్త ఎర్రమ్మ, చూరుకు వేలాడే అడ్డతీగ నార తాడు తీసి ఒక ముడి వేస్తుంది. ఆ రోజు పని అయిందని లెక్క. పని దొరకని రోజుకు ముడి పడదు. నెల నిండగానే ఆ తాడును చుట్టచుట్టి చూరులో దోపి, కొత్త తాడు మొదలుపెడుతుంది.

ఎర్రమ్మ వేసిన ముడి విప్పితే ఆ రోజు బయటికొస్తుంది. ఎండాకాలం ముడైతే ఎండ, వానాకాలం ముడైతే వాన, అప్పటి మనుషులు, మాటలు, పొయ్యి మీది కూర వాసనతో సహా వచ్చి, ఒక బీడీ కాలేంత సేపు ఉండి పోతాయి. అయితే ఒక మెలిక ఉంది. ముడి విప్పాక ఆ రోజు, విప్పిన చోట ఉన్నవాళ్లకే గుర్తుంటుంది. మిగతా లోకమంతా మర్చిపోతుంది. పక్కింటి జంపయ్య పెళ్లాంతో పోట్లాడిన రోజు ముడిని, ఎర్రమ్మను బతిమాలి అడిగి తీసుకెళ్లి అడవిలో ఒంటరిగా విప్పుకున్నాడు. ఆవిడ మర్చిపోయింది. తిన్న తిట్లు మాత్రం ఆయనకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

గూడెంలో పెళ్లి కుదిరితే ఎర్రమ్మ ఇంకోరకం తాడు పేనుతుంది. అది రాబోయే రోజులది. పెళ్లికి ఎన్ని రోజులుంటే అన్ని ముడులు. చుట్టాల ఊళ్లకు తలా ఒక తాడు పంపి, అసలుది తన చూరుకే కట్టుకుంటుంది. తెల్లవారగానే ఒకటి విప్పుతుంది, ఆ రోజు మామూలుగా తెల్లారుతుంది. చివరి ముడి విప్పిన పొద్దున పెళ్లి. రేపటి ముడిని ఇవ్వాళ విప్పాలని ఆ గూడెంలో ఎవరికీ ఎన్నడూ తోచలేదు.

ఎనభై తొమ్మిది ఎండాకాలంలో ఆ చూరుకు రెండు తాళ్లు పక్కపక్కనే వేలాడుతున్నాయి. ఒకటి పగిడయ్య పనిది. రెండోది అదే గూడెంలో ఉండే ముత్తక్క కూతురు చిన్నక్క పెళ్లిది.

పగిడయ్య పెళ్లాం పేరు సింహాచలం. మలేషియాలో రబ్బరు తోటల్లో పుట్టిన పిల్ల. ఆమె ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కిపోయినవాడు. మూడేళ్ల కింద శ్రీరామనవమి కల్యాణం చూడ్డానికి మామ్మతో భద్రాచలం వచ్చింది. మామ్మకు జ్వరం తగిలి సత్రంలో పదిహేను రోజులు పడుకుంటే, ఆ సత్రానికి విస్తర్లు వేసే పగిడయ్య రోజూ దవాఖానాకు పోయి మందులు తెచ్చిపెట్టాడు. మామ్మకు జ్వరం దిగింది, మనవరాలికి పట్టుకుంది. ఇంటికి వెళ్లాక ఏడాదిపాటు అన్నం సరిగ్గా తినలేదట. చివరికి మామ్మే తీసుకొచ్చి పెళ్లి చేసి వెళ్లింది. అడవి పిల్లగాడు కదా అని ఎవరో అంటే, "మేం మాత్రం ఎక్కడ బతికాం, ఊళ్లోనా?" అందట మామ్మ.

కాపురం బాగానే ఉంది. కాగితాలే బాగాలేవు. సింహాచలం పాస్‌పోర్టు మలేషియాది. ఆర్నెల్లకోసారి ఖమ్మం వెళ్లి, విదేశీయుల సెక్షన్లో వీసా పొడిగించుకోవాలి. రెండుసార్లు పొడిగించారు. మూడోసారికి, భార్యను పోషించే తాహతు భర్తకు ఉందని రుజువు చూపించాలన్నారు. మూడేళ్ల ఇన్‌కమ్‌టాక్స్ కాగితాలు కావాలన్నారు.

"టాక్సా సార్? ఆకు మీద టాక్సేముంటది?" అన్నాడు పగిడయ్య.

సెక్షన్ సూపరింటెండెంటు వెంకటనారాయణ కల్లూరు రైతుబిడ్డ. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మా నాయన పదెకరాలు చేస్తడు. ఆయనకే లేదు టాక్స్ కాగితం. నీకెక్కడిదయ్యా? నాకు తెలుసు. కానీ ఫైలుకు తెల్వదు గదా. మూడేళ్లు సంపాదించినవని ఏదో ఒక రుజువు తీసుకరా. పది రోజుల్లో వీసా అయిపోతది. నేను రాసే రిపోర్టును బట్టే హైద్రాబాదోళ్లు చేసేది."

"రుజువు లేకపోతే?"

"లేకపోతే అమ్మాయి ఓడ ఎక్కాల్సిందే."

ఓడ అనేసరికి సింహాచలం పగిడయ్య చొక్కా చివర పట్టుకుంది. ఆఫీసులోంచి బయటికొచ్చేదాకా వదల్లేదు.

ఇద్దరూ తిరుగు బస్సెక్కారు. పాల్వంచ దాటాక ఆమె ఒక్కసారిగా లేచి నిలబడింది. "ఏటండీ మనం ఇంత ఎర్రోళ్లం. అత్త తాళ్లు ఉన్నాయి కదా?"

పగిడయ్య కూడా లేచి నిలబడ్డాడు. కండక్టరు, స్టేజీ ఇంకా రాలేదు కూర్చోమని కసిరాడు. కూర్చున్నారు గానీ కుదురుగా కూర్చోలేదు. గూడెం చేరేదాకా ఏ ముడి విప్పాలి, ఏ ముడి దాచుకోవాలి అనే మాటే. మామ్మకు జ్వరం వచ్చిన రోజులు మాత్రం ముట్టుకోవద్దని సింహాచలం ఒట్టు వేయించుకుంది.

మర్నాడు తెల్లవారుజామున ఎర్రమ్మ పెళ్లితాడు తీసి ఆ రోజు ముడి విప్పింది. ఇంకా పద్దెనిమిది మిగిలాయి. తాడు చూరుకు తగిలించి నీళ్లకు పోయింది. బస్సు టైమవుతోందని పగిడయ్యకు కాళ్లు నిలవడం లేదు. గోనెసంచి పట్టి, చూరులో దోపిన చుట్టలన్నీ లాగాడు. వేలాడే తాళ్లు రెండూ ఒక్క గుంజుకు సంచిలోకి దూకాయి. ఎర్రమ్మ బిందెతో తిరిగొచ్చేసరికి చూరు బోసిగా ఉంది. బిందె దించకుండానే బాట మీదికి పరుగెత్తింది. బస్సు లేపిన దుమ్ము మాత్రమే కనిపించింది.

ఖమ్మం ఆఫీసులో వెంకటనారాయణ సంచిలోకి తొంగిచూసి తలాడించాడు. "మంచిది. వీటికి గెజిటెడ్ సంతకం లేదు గానీ, నా ముందరే విప్పుతున్నరు గనుక నేనే సాక్షి. రాందాసూ, కిటికీలు మూయి. పోయినసారి ఎవరిదో వాన విప్పితే ట్రెజరీ సెక్షనోళ్లు కంప్లయింటు చేసిండ్రు."

అటెండరు రాందాస్ కిటికీలు మూశాడు.

మొదట ఎనభై ఏడు మే నెల ముడి విప్పారు. గది భగ్గుమంది. నేలంతా తునికాకు కట్టలు పరుచుకున్నాయి. పగిడయ్య, ఎర్రమ్మ వంగి కట్టలు తిరగేస్తున్నారు. వాళ్ల వీపుల మీద చొక్కా, రవికె తడిసి అతుక్కుపోయాయి. ఫ్యాను తిరుగుతున్నా నలుగురికీ చెమటలు కారాయి. రెండోది శ్రావణమాసపు ముడి. జోరువానలో పగిడయ్య నెత్తిన విస్తర్లు కుట్టే అడ్డాకుల మోపుతో మోకాళ్లలోతు వాగు దాటుతున్నాడు.

"సార్, ఫైళ్లు తడుస్తున్నయ్," అంటూ రాందాస్ బల్ల మీదికి ఒరిగి, కడుపు అడ్డం పెట్టి కాపాడాడు.

మూడో ముడిలో నవమి ముందురోజు. సత్రం వంటవాడు ఇంకో వెయ్యి విస్తర్లు కావాలని అరుస్తున్నాడు. పగిడయ్య సైకిలు మీద కొండంత మోపు. వెనకనుంచి తోస్తున్నది సింహాచలం. ఆమె నవ్వు ఆఫీసు గోడలకు తగిలి మోగింది. బల్ల ఇవతల కూర్చున్న సింహాచలం తన నవ్వు తానే విని సిగ్గుపడింది.

"చాలు చాలు," అన్నాడు వెంకటనారాయణ, తడిసిన కళ్లద్దాలు తుడుచుకుంటూ. "సంపాదించినవు. ఒప్పుకుంటున్న. కానీ ఫారంలో ఇంకో గడి ఉన్నది. ఇకముందు కూడా పోషిస్తడా అని. అయిపోయిన దినాలు చూపిస్తే రేపటి మాట ఎట్ల రాస్తనయ్యా?"

పగిడయ్య మొహం వాడిపోయింది. "రేపటిది ఎవలు చూపిస్తరు సార్?"

"పోనీ, అన్నిటికన్న కొత్తది ఏదుంది? ఇప్పటి స్థితి అని రాస్త."

పగిడయ్య సంచిలో చెయ్యి పెట్టి, పచ్చినార వాసన ఇంకా పోని పొట్టితాడు బయటికి తీశాడు. కొత్తదంటే చివరి ముడే కదా అని వెంకటనారాయణ దాని కొన పట్టుకున్నాడు. ముడి బిగుసుకుపోయి ఉంది. ఫైళ్లు కుట్టే దబ్బనం తెచ్చి దూర్చి, పంటి బిగువున లాగాడు.

ముందు డోలు వినిపించింది. తర్వాత పది డోళ్లు. అలమరాల మీదుగా పచ్చాకు పందిరి లేచింది. కొమ్ముల తలపాగాలు పెట్టుకుని మగవాళ్లు డోళ్లు కొడుతూ బల్ల చుట్టూ తిరిగారు. ఆడవాళ్లు ఒకరి నడుం ఒకరు పట్టుకుని వరస కట్టారు. ఆ వరస మధ్యలో సింహాచలం, అడుగు తప్పుతూ, తప్పినప్పుడల్లా నవ్వుతూ. పగిడయ్య కట్టలు కట్టలుగా విస్తర్లు తెచ్చి పడేస్తున్నాడు. పసుపు పూసుకున్న పెళ్లికూతురు తల ఎత్తింది.

"ఏవండీ," అంది ఇవతలి సింహాచలం. "అది చిన్నక్క. చిన్నక్క పెళ్లి ఇంకా అవలేదు కదండీ."

పెళ్లికూతురి తల్లి ముత్తక్క వచ్చి సింహాచలం భుజం మీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. పందిరి చివర, కింద బాసింపట్టు వేసుకుని, గళ్ల చొక్కా వేసుకున్న ఒకాయన కూర మళ్లీ వేయమని చెయ్యి చూపిస్తున్నాడు. రాందాస్ ఆయన్ను చూసి, తన సారును చూశాడు.

"ఆ చొక్కా నాకు లేదే," అన్నాడు వెంకటనారాయణ.

డోళ్లు దూరమయ్యాయి. పందిరి పోయింది. వెంకటనారాయణ వేళ్లు వాసన చూసుకుని, తాడు తీసుకుని మిగిలిన ముడులు లెక్కపెట్టాడు. "పదిహేడు. విప్పింది పద్దెనిమిదోది. ఈమె వీసా అయిపోయేది తొమ్మిదో రోజు." వేలితో మళ్లీ ఒకసారి లెక్కపెట్టాడు. "పద్దెనిమిదో రోజున ఈమె ఆడ ఆడుతున్నది. నేను రాయకుంటే ఎట్ల ఆడుతది? అంటే నేను రాసిన్నన్నట్టు."

కలం తీసి, మళ్లీ మనసు మారకముందే అన్నట్టు రాశాడు. పోషణకు ఏ లోటూ లేదు, స్వయంగా చూశాను. రాందాస్ సీలు మీద ఊది అందించాడు. సీలు పడిన చప్పుడుకు సింహాచలం ఏడ్చేసింది. పగిడయ్య, సారు కాళ్లకు మొక్కాలో పెళ్లాం కళ్లు తుడవాలో తెలియక, తాళ్ల సంచి అంచుతో తన మొహం తుడుచుకున్నాడు.

గూడెం బాట మొదట్లోనే ఎర్రమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. తాడు లాక్కుని కొన చూసింది.

"పెండ్లి ఏదిరా?"

పగిడయ్య నేల చూశాడు. "ఖమ్మంలో అయిపోయిందత్తా."

ఎర్రమ్మ తిట్టిన తిట్లు వాగు అవతలి గూడేనికి కూడా వినిపించాయి. పోయిన ముడి మళ్లీ వేయడానికి లేదు. ఎర్రమ్మే ముత్తక్క ఇంటికి వెళ్లి, ఆ పెళ్లి గూడెంలో ఎవరికీ గుర్తుండదని ఉన్నమాట చెప్పేసింది. ముత్తక్క విని, "పెండ్లయితే అయితది గదా?" అని మాత్రం అడిగింది. అవుతుందంది ఎర్రమ్మ.

పదిహేడో ముడి రోజు అందరూ పందిరి గుంజలు పాతి పడుకున్నారు. లేచేసరికి ఎల్లుండి అయింది. పందిరి ఆకు వాడిపోయి ఉంది. ఎంగిలి విస్తర్లు గుట్టగా పడి ఉన్నాయి. చిన్నక్క మెడలో పుస్తెలున్నాయి. మగవాళ్ల అరచేతులు డోళ్లు కొట్టి కొట్టి బొబ్బలెక్కాయి. అందరి కడుపులూ నిండుగా ఉన్నాయి, ఎవరికీ ఏమీ గుర్తులేదు. పందిరి చివర కొత్త గళ్ల చొక్కాలో నిద్రలేచిన వెంకటనారాయణ, ఖమ్మం బస్సు ఎన్నింటికని అడిగి వెళ్లిపోయాడు.

ముత్తక్క నేరుగా సింహాచలం దగ్గరికి వచ్చి కూర్చుంది. "నువ్వు చూసినవట గదా, బిడ్డా. నా బిడ్డ ఎట్లున్నది?"

సింహాచలం చెప్పడం మొదలుపెట్టింది. పసుపు ఎంత మెరిసిందో, ఏ డోలు ముందు మోగిందో, పెళ్లికొడుకు ఎన్నిసార్లు దొంగచూపులు చూశాడో. ఒక్కొక్కరే వచ్చి చుట్టూ కూర్చున్నారు. చిన్నక్క కూడా మొగుడి పక్కన కూర్చుని తన పెళ్లి తాను వింది.

"నేను ఏడ్చిన్నా?" అడిగింది ముత్తక్క.

"ఏడ్చావత్తా. ఇదిగో, నా బుజం మీదే." సింహాచలం తన కట్టుచీర భుజం చూపించింది. అక్కడ పసుపు మరక, ఇంకా ఆరని తడి. ముత్తక్క ఆ తడిని వేలితో ముట్టుకుని చూసుకుంది.

అప్పటినుంచి ఎవరికి ఆ పెళ్లి కావాలన్నా సింహాచలం దగ్గరికే రావాలి. పగిడయ్యకూ గుర్తుందిగానీ, ఎన్ని విస్తర్లు పోయాయో తప్ప చెప్పడు. వెంకటనారాయణకు కూర ఒక్కటే గుర్తు. రాందాస్ ఖమ్మం దాటి రాడు.

మళ్లీ వీసా పొడిగించాల్సిన రోజు వచ్చింది. ఈసారి పగిడయ్య తాళ్ల సంచి మోసుకెళ్లలేదు. బస్సు నిండా గూడెమే ఎక్కింది. విదేశీయుల సెక్షన్లో బల్లముందు ముత్తక్క నిలబడింది.

"రుజువు ఏం తెచ్చిండ్రు?" అడిగాడు వెంకటనారాయణ.

"మేమే వచ్చినం సారూ," అంది ముత్తక్క. "ఈ పిల్లను పంపిస్తే, నా బిడ్డ పెండ్లి నాకెవలు చెప్తరు?"

వెంకటనారాయణ ఫారం ముందుకు జరుపుకున్నాడు. పోషించువారి పేరు అని ఉన్న గడిలో ఎప్పుడూ పగిడయ్య పేరు రాసేవాడు. ఈసారి గూడెం పేరు రాశాడు.