చుట్టమా, కోడలా?

"డాక్టరు ముసలాడయ్యేదాకా తుడుస్తావా ఆ అద్దం? పోనీవే!" అని కేకేసింది వెనక సీట్లోంచి అత్తగారు కుల్యాష్. ఒళ్ళో రొట్టెల మూట. రెండు కళ్ళకీ శుక్లాలు. తరాజ్ పట్నం ఆసుపత్రిలో ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన ఆపరేషన్ ఆ రోజే.

కోడలు బెగాయిమ్ నవ్వి కారు తీసింది. ఆమెది సరిహద్దు అవతల తలాస్, కిర్గిజ్ పిల్ల. పెళ్ళయి ఇటు కజాక్ ఇంటికొచ్చింది. మొగుడికి రైల్వేలో పని, ఎప్పుడూ ఊళ్ళోనే ఉండడు. మామగారు ఒరిన్‌బెక్ గుర్రమైతే నిద్రలో కూడా తోలతాడు గానీ స్టీరింగ్ అంటే దడ. అంచేత ఆ ఇంటికి డ్రైవరు బెగాయిమే. పెళ్ళికి ముందు కూడా ఇటువైపున్న పిన్నిని చూడ్డానికి తలాస్ నుంచి ఇదే రోడ్డు మీద, ఇదే లైసెన్సుతో ఎన్నోసార్లు వచ్చింది. పోలీసులు ఆపేవారు, చూసేవారు, వెళ్ళిరమ్మనేవారు.

ఆ రోజూ ఆపారు. నెరిసిన మీసాలాయన లైసెన్సు కార్డు తిప్పి చూశాడు.

"తలాస్ పిల్లవా తల్లీ? చుట్టపుచూపుగా వచ్చావా?"

బెగాయిమ్ నోరు తెరిచేలోపే వెనక అద్దం దిగింది.

"చుట్టమేంటయ్యా! కళ్ళు కనపడంది నాకా, నీకా? మా కోడలు! రెండేళ్ళబట్టి మా ఇంట్లో టీ పోసేది తనే. ఇక్కడుండే కాగితాలు కూడా వచ్చేశాయి!"

మీసాలాయన మొహంలో నవ్వు తగ్గింది.

"అయితే చిక్కొచ్చిందమ్మమ్మా. చూసి పోయేవాళ్ళకి వాళ్ళ దేశం కార్డు చాలు. ఇక్కడే కాపురం పెడితే గడువులోగా ఇక్కడి లైసెన్సు తీసుకోవాలి. ఆ గడువు ఎప్పుడో అయిపోయింది."

"నేను బాగానే నడుపుతానండీ," అంది బెగాయిమ్.

"నడుపుతావు, చూశాను. రేపు నీ తప్పు లేకుండానే ఎవరికో తగిలిందనుకో. ఇన్సూరెన్సువాళ్ళు ఎలా నడిపావని ఆగరు, ఏ కార్డుతో నడిపావని అడుగుతారు. దెబ్బతిన్నవాడు అప్పుడు ఎవర్ని పట్టుకోవాలి?"

కారు అక్కడే ఉండిపోయింది. అటుగా పోతున్న పుచ్చకాయల లారీని ఆపి ఆయనే అత్తాకోడళ్ళిద్దర్నీ ఎక్కించాడు. వెళ్ళేసరికి కుల్యాష్ వంతు దాటిపోయింది. మళ్ళీ వచ్చే నెలే అన్నారు. ఇంటికొచ్చాక ఆవిడ గోడ తడుముకుంటూ లోపలికెళ్తుంటే బెగాయిమ్ చూడలేక తల తిప్పేసుకుంది.

సాయంత్రం టీ దగ్గర మామగారు ఎగిరిపడ్డాడు.

"నీ నోరు కాసేపు కుట్టుకుంటే నీ సొమ్మేం పోయేదే? చుట్టమని ఊరుకుంటే అయిపోయేది! వాళ్ళకీ మనకీ తేడా ఏంటి? అటూ ఇటూ అదే గుర్రప్పాలు తాగే జనం!" అంటూ ఖాళీ టీగిన్నె కోడలి వైపు చాపాడు.

"ఆగు," అంది కుల్యాష్. "చుట్టం అన్నావుగా? అయితే పిల్లని పైన, చుట్టాల చోట కూర్చోబెట్టు. టీ నువ్వు పొయ్యి."

చాపిన గిన్నె గాల్లోనే ఆగిపోయింది.

బెగాయిమ్ టీ నీళ్ళు కాగే సమోవర్ వైపు చూసింది. పెళ్ళికి ముందు అన్నతో ఈ ఇంటికి వచ్చినప్పుడు తనని తలుపుకి ఎదురుగా, పైన, మెత్తల మీద కూర్చోబెట్టారు. గిన్నె ముట్టుకోనివ్వలేదు. పెళ్ళయిన మర్నాటి నుంచి తన చోటు ఈ సమోవర్ పక్కనే. అదే ఇల్లు, అదే పిల్ల. మారింది చోటు.

"కార్డు కూడా అంతే మామయ్యా," అంది మెల్లగా. "నేను కిందకి దిగి కోడలినయ్యాను. అది మాత్రం ఇంకా పైన చుట్టంలాగే కూర్చునుంది."

ఒరిన్‌బెక్ గెడ్డం దువ్వుకున్నాడు. "మరి దాన్నీ దింపు," అన్నాడు.

మర్నాడే బెగాయిమ్ లైసెన్సుల ఆఫీసుకెళ్ళి అడిగింది. ఆరోగ్య పరీక్ష, కాగితాలు, కొంచెం తిరుగుడు, అంతే. ఇంతకాలం అడగలేదు, అదే తప్పు. ఇరుగుపొరుగు కూడా "ఎవరడుగుతారులే" అన్నవాళ్ళే.

తర్వాతి నెల ఒక కంటికి ఆపరేషన్ అయ్యింది. కట్టు విప్పించుకుని తిరిగొస్తుంటే అదే చోట అదే మీసాలు. బండి ఇంకా ఆగకముందే కుల్యాష్ అద్దం దించేసింది.

"రావయ్యా రా! ఇప్పుడడుగు, చుట్టమా కోడలా అని!"

ఆయన కొత్త కార్డు చూసి, సెల్యూట్ కొట్టి, "ఇంటి మనిషే అమ్మమ్మా," అన్నాడు.

"నీ మీసాలు తెల్లబడ్డాయని ఇప్పుడే తెలిసింది," అంది ఆవిడ.

పరాయి దేశంలో బండి తోలే బాబులూ, తల్లులూ, గడువులు దేశానికో రకం, ఆ లెక్క అక్కడి ఆఫీసులోనే కనుక్కోండి. కానీ ఎక్కడైనా సరే, తాళం తిప్పేముందు ఈ ఒక్క ప్రశ్న మిమ్మల్ని మీరే వేసుకోండి, పోలీసు అడిగేదాకా ఆగొద్దు: నేనిక్కడ చుట్టాన్నా, ఇంటి మనిషినా?