గోల్ పడితే ఫోన్

ఆ సాయంత్రం ఐదింటికి థాయిలాండ్‌లో మన దేశపు అమ్మాయిల ఫుట్‌బాల్ మ్యాచ్. పదిహేడేళ్లలోపు వాళ్ల అంతర్జాతీయ పోటీ అది. గోల్‌కీపర్ ఎవరనుకున్నారు, కనకరాజు కూతురు శ్రావణి! ఓడిపోకుండా ఉంటే చాలు, జట్టు సెమీఫైనల్‌కు వెళ్తుంది. కన్నతండ్రి మాత్రం దుర్గాపూర్ బొగ్గుగనిలో, భూమి లోపల ఉన్నాడు. షిఫ్టులో ఇద్దరు జ్వరంతో పడ్డారు. సెలవు అడగడానికి నోరెలా వస్తుంది?

గనిలోకి సెల్‌ఫోన్ తీసుకెళ్లనివ్వరు. పైన హాజరు ఆఫీసులో పనిచేసే బామ్మర్ది తిరుపతి ధైర్యం చెప్పాడు.

"ఫికర్ జెయ్యకు బావా. గోల్ పడంగనే కిందికి ఫోన్ కొడత."

బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలకుండా బోల్టులు బిగించడం కనకరాజు పని. పాతికేళ్లుగా అదే. ఆ రోజు చేతులు కప్పు మీద, చెవులు గోడకున్న ఫోన్ మీద.

ఐదున్నర దాటింది. ఆరైంది. ఫోన్ ఉలకలేదు, పలకలేదు.

"గా ఫోన్ ఖరాబైందేమో సూడు కనకన్నా," అన్నాడు జతగాడు పోచన్న. "ఒక్క గోల్ గుడ పడలేదా ఏంది?"

కనకరాజుకూ బెంగ పట్టుకుంది. రిసీవర్ ఎత్తి చూశాడు. బాగానే ఉంది. పెట్టేసి రెండడుగులు వేశాడో లేదో, టక్కున ఆగాడు. మోగలేదంటే శ్రావణి ఒక్కటీ పోనివ్వలేదన్నమాట!

"మోగకపోతేనే మంచిది పోచన్నా! అస్సలు మోగద్దు!"

ఇక ఇద్దరూ ఫోన్‌కు దండం పెట్టడమొక్కటే తక్కువ.

ఏడవుతుండగా అది గణగణా మోగింది. కనకరాజు ఎత్తనన్నట్టు చెయ్యి ఊపాడు. పోచన్నే ఎత్తి అతని చెవికి ఆనించాడు.

"బావా, ఆట ఒడిసింది! సున్న సున్న. సెమీఫైనల్‌కు పోయిన్రు! పిల్ల పెనాల్టీ గుడ ఆపింది!"

కనకరాజు రిసీవర్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఇంకోటి ఇను. గిట్ల ఆపుడు ఎవలు నేర్పిన్రని టీవీవాళ్లు అడిగిన్రు. పిల్ల 'మా బాపు' అన్నది. 'మా బాపు గనిల కప్పు కూలకుంట ఆపుతడు, ఆయన పని మంచిగ జేసిననాడు ఎవలు చప్పట్లు కొట్టరు, అందరు పానంతోని ఇంటికొస్తరు, గంతే' అన్నది."

కనకరాజు మసి చేతులతోనే కళ్లు తుడుచుకుంటూ ఆ మాటలు పోచన్నకు చెప్పాడు.

"నాకు ఆటనే రాదు గదనే," అన్నాడు చివరికి.

పోచన్న చేతిలోని కమ్మీ కింద పడేసి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. వెనక పనిలో ఉన్న నలుగురూ అందుకున్నారు.