అంచు గీకి చూసే మనిషి

పాలగ్లాసును కిటికీ వెలుతురుకెత్తి చూసి, ఇవాళ నీళ్ళు కాస్త ఎక్కువే పడ్డాయని తేల్చుకుని, అయినా చుక్క మిగల్చకుండా తాగి, ఆయన కోటు తొడుక్కున్నాడు. అలవాటు కొద్దీ జేబులు తడుముకున్నాడు. అయస్కాంతం ఉంది, యాసిడ్ సీసా ఉంది, ఆకురాయి లేదు.

ఆకురాయి లేకపోవడం చిన్న సంగతి కాదు. రేవులోని కస్టమ్స్ షెడ్డులో ఆయన్ను వెనకాల అందరూ ‘ఆకురాయి’ అనే పిలుస్తారు. ఏ లోహం వచ్చినా దాని అంచు గీకి, లోపల ఏముందో చూడందే సంతకం పెట్టడు. పిడి అరిగి ఆయన అరచేతికి తగినట్టు నున్నబడిన ఆ పనిముట్టు సర్వీసంతా ఆయన జేబులోనే గడిపింది.

“నా ఆకురాయి చూశావా?” వంటింట్లో ఉన్న భార్యను అడిగాడు.

ఆమె స్టవ్ ఆర్పింది. “ఇవాళ మూడింటికల్లా ఇంటికి రండి. సాయంత్రం అక్క దగ్గరికి వెళ్తున్నా. వెళ్ళేలోపు మీతో ఒక మాట మాట్లాడాలి” అంది.

“ఎన్నాళ్ళకు?”

“అదే మాట్లాడాలి. మీరొస్తే ఉండిపోతానేమో కూడా. రండి.”

ఏనాడూ ఫలానా వేళకు రమ్మని అడగని మనిషి ఇవాళే ఎందుకు అడిగినట్టు? ఆయన చూపు సింకులో ఉన్న రెండు కాఫీ కప్పుల మీద పడింది. “ఎవరొచ్చారు?”

“ఎవరూ రాలేదు. నేనే రెండుసార్లు తాగాను” అందామె అటు తిరిగే. చేతికున్న బంగారు కడియాన్ని కొంగుతో తుడుచుకుంటూ ఉంది.

ఆ కడియం వాళ్ళమ్మది. పెళ్ళయిన ఏడాదికే ఆవిడ పోతూ కూతురికిచ్చింది. ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు ఆయన దాని లోపలివైపు ఆకురాయితో చిన్న గాటు పెట్టి చూశాడు. పైన బంగారం పోత, లోపల రాగి ఉండే కడియాలు రేవులో ఎన్ని చూడలేదు! ఎంత గీకినా బంగారమే వచ్చింది. ఆమె వచ్చి కడియం తొడుక్కుని, గాటును వేలితో తడిమి, ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం కూడా ఆయనకు అనుమానంగానే ఉండిపోయింది.

ఆమె అంటే ఆయనకు ప్రాణం. ఆ సంగతి ఒక్కసారి కూడా నోరు తెరిచి చెప్పలేదు. చెబితే అలుసైపోతానేమోనని భయం.

దారి పొడవునా ఆకురాయి గురించే ఆలోచించాడు. నిన్న సాయంత్రం కోటు కుర్చీకి తగిలించి చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు ఆఫీసు గదిలో ఉన్నది సరుకు విడిపించే క్లియరింగ్ ఏజెంటు ఒక్కడే. ఇవాళ తనిఖీ చేయాల్సిన ఉక్కు పలకలు ఆ ఏజెంటువే. ఇంకేం కావాలి? రెండూ కలిపేసరికి ఆయనకు పొద్దున్నుంచీ లేని హుషారు వచ్చింది.

పలకలు షెడ్డులో దొంతరగా ఉన్నాయి. రెండు ముఖాలూ తళతళలాడుతున్నాయి. కాగితాల్లో రాసింది తొడుగు పలకలని. అంటే నడుమ మామూలు ఉక్కు, పైనా కిందా విడదీయరాకుండా అతికిన పల్చటి స్టెయిన్‌లెస్ పొర. వాటికో సుంకం. మొత్తం స్టెయిన్‌లెస్ అయితే అంతకు బాగా ఎక్కువ. ముఖం చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. నిజం అంచులోనే ఉంటుంది. ఆ అంచులకేమో తుప్పు పట్టకుండా రంగు పూసి పంపారు.

“అయస్కాంతం పట్టేస్తోంది కదా సార్” అన్నాడు ఏజెంటు.

“అయస్కాంతం పట్టే స్టెయిన్‌లెస్ కూడా ఉంది. నీకు తెలీదా?”

“తెలుసనుకోండి. అయినా నన్ను ఇన్నేళ్ళుగా చూస్తున్నారు కదా సార్.”

“అందుకే చూస్తున్నా.”

ఫిట్టరు దగ్గర ఆకురాయి అరువు తెచ్చుకున్నాడు. పిడి లావు, చేతికి అమరలేదు. పై పలక అంచున రంగు గీకి, నున్నగా అరగదీసి, యాసిడ్ చుక్క వేశాడు. కాసేపటికి నడుమ భాగం నల్లబడింది. రెండు వైపులా సన్నటి తెల్ల గీతలు మెరుస్తూ మిగిలాయి. కాగితంలో ఉన్నట్టే ఉంది.

మామూలు రోజైతే మధ్యలో ఒకటీ అరా చూసి సంతకం పెట్టేసేవాడు. కానీ ఆకురాయి పోయిన రోజు మామూలు రోజెలా అవుతుంది? మంచివి పైన పెట్టి, అసలువి లోపల దాచి ఉంటారు.

“అన్నీ దింపించు” అన్నాడు.

“అన్నీనా? సార్, క్రేను దొరకాలి, సాయంత్రమవుతుంది...”

“అవనీ.”

క్రేను ఒక్కో పలకనూ ఎత్తి దింపుతోంటే, ఆయన ఒక్కో అంచు దగ్గరా గొంతుక్కూర్చుని గీకాడు. మోకాళ్ళు పట్టేశాయి. వేళ్ళు యాసిడ్ తగిలి పసుపెక్కాయి. ప్రతి అంచులోనూ అదే నలుపు, అవే తెల్లగీతలు. దొంతర తరుగుతున్న కొద్దీ దొంగతనం అడుగుకు జారుతోందని ఆయన నమ్మకం.

మూడు దాటాక ఫోను మోగింది. ఇంటినుంచి. తను ఎప్పుడొస్తాడో కనుక్కోవడానికేనని తెలుసు. ఎప్పుడొస్తే ఈమెకెందుకు? ఎవరైనా ఉన్నారా ఇంట్లో? ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఆయన తర్వాతి అంచు మీద చుక్క వేశాడు.

అట్టడుగు పలక కూడా నిజమే చెప్పింది. సంతకం పెడుతూ ఆయన తలెత్తలేదు.

“నా ఆకురాయి నువ్వు తియ్యలేదూ?” అని మాత్రం అడిగాడు.

ఏజెంటు నొచ్చుకున్నాడు. “మీ ఆకురాయి నాకెందుకు సార్?”

ఇల్లు చేరేసరికి తలుపు తాళం వేసి ఉంది. పక్కింటావిడ తాళంచెవి తెచ్చిచ్చింది. “మీకోసం చాలాసేపు గుమ్మంలోనే నిలబడిందండీ. రెండు పెట్టెలతో వెళ్ళింది. మధ్యాహ్నమంతా మీ ఇంట్లో గీకుతున్న చప్పుడు, ఏం రిపేరండీ?”

ఆవిడ ఎందుకు అడుగుతోందోనని అనుమానించబోయి, ఆ ఓపిక లేక లోపలికి వెళ్ళాడు.

సింకులో ఒకే కప్పు ఉంది. బీరువాలో ఆమె బట్టలు లేవు. భోజనాల బల్ల మీద పాత వార్తాపత్రిక పరిచి ఉంది. దాని మీద ఆయన ఆకురాయి, దాని పక్కన కడియం. పాత గాటు దగ్గర మొదలుపెట్టి ఆ పక్కనుంచి ఈ పక్కకు పూర్తిగా అరగదీసింది. ఎదురుగా ఇంకో చోట కూడా. కడియం రెండు ముక్కలైంది.

ఆయన ఒక ముక్క తీసుకుని కిటికీ దగ్గరకు వెళ్ళాడు. రెండో చెయ్యి దానంతటదే జేబులో యాసిడ్ సీసా మీదికి పోయింది. ఆ చేతిని చూసుకుని ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. ఫోను తీసి ఆమెకు చేశాడు. అది మోగి మోగి ఆగిపోయింది.

కడియం ముక్కను మళ్ళీ పత్రిక మీద పెట్టి కుర్చీలో కూలబడ్డాడు. కోసిన ముఖం ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకే రంగు. పక్కనున్న ఆకురాయి పళ్ళ సందుల్లో పచ్చటి బంగారు పొడి ఇరుక్కుని ఉంది.