కమలి మీద పడిన కళ్ళు

చూడి ఆవు నలుగురి కంట పడకూడదని, పడితే దూడ దక్కదని మా పుంగనూరులో చాలామంది నమ్ముతారు. ఆ కళ్ళు ఎదుట నిలిచి చూసేవే కావాలా, తెర మీద బొమ్మను చూసే కళ్ళు కూడా లెక్కలోకి వస్తాయా అన్న ప్రశ్న మాత్రం మొన్నటి వరకు ఎవరికీ పుట్టలేదు. దాన్ని మొదట లేవనెత్తినది మా పక్కింటి గౌరమ్మ.

ఆమె మనవరాలు మాలతి చిన్నప్పుడు ముద్ద మింగాలంటే ఎదురుగా ‘బుజ్జి పెయ్య’ అనే బొమ్మల సినిమా నడుస్తూ ఉండాలి. కొండ అవతల తప్పిపోయిన పొట్టి దూడ, దాన్ని వెతుక్కుంటూ వెళ్ళే తల్లి ఆవు, అంతే కథ. ఇప్పుడు మాలతి మదనపల్లెలో డిగ్రీ చదువుతున్నా తల్లి ఆవు మాటలన్నీ గొంతు మార్చి అప్పజెప్పగలదు. ఆ సినిమాను నిజమైన మనుషులతో, నిజమైన పశువులతో, పాత మాటలే వాటి నోట పెట్టి మళ్ళీ తీస్తున్నారని విన్ననాటి నుంచి ఆ పిల్లకు వేరే ధ్యాస లేదు. తల్లి పాత్రకు మా ఊరి పొట్టి జాతి ఆవే కావాలంటూ కంపెనీ వాళ్ళు వచ్చి గౌరమ్మ కొట్టంలోని కమలిని ఎంచుకున్నారు. షూటింగు నాటికి కమలి ఇంకా చూడి కట్టలేదు.

తరువాత విడుదల వాయిదా పడింది. మళ్ళీ పడింది. చివరకు ఖాయమైన శుక్రవారం సరిగ్గా కమలి ఈనవలసిన వారంలో వచ్చింది.

గౌరమ్మ భయానికి ఒక పాత కారణం ఉంది. కిందటి కాన్పుకు ముందు ఎవరో కమలిని వీడియో తీసి ఫోన్లలోకి వదిలారు. దాన్ని ఊళ్ళూ దేశాలూ చూశాయి. దూడ చచ్చి పుట్టింది.

“ఫోన్లో సూసినోళ్ళ కన్నే నా దూడను తినేసె సారూ. ఇంత పొడుగు తెర మీద సూస్తే ఇంగ దక్కనిస్తారా?” అంది.

“ఎవరూ వీడియో తీయకుండానే చచ్చిన దూడలను ఎవరైనా లెక్కపెట్టారా, గౌరమ్మా?”

“నా కొట్టంలో సచ్చింది ఒగటే సారూ. నేను దాన్నే లెక్కపెట్టుకుంటాను.”

మాలతి తన వంతు ప్రయత్నం చేసింది. “అవ్వా, వాళ్ళు సూసేది పోయినేటి కమలిని. ఇప్పటి కమలిని కాదు గదా.”

“నీ సిన్నప్పటి ఫోటోలో కండ్లు పొడిస్తే నీకు బాగుంటాదా?”

మాలతి చెయ్యి తన కళ్ళ మీదికి వెళ్ళింది.

ట్రైలర్ వచ్చాక పరిస్థితి ముదిరింది. అందులో కమలి ముఖం రెప్పపాటు కాలం తెర నిండా కనిపిస్తుంది. అది చాలింది. బి.కొత్తకోట నుంచి, తంబళ్లపల్లె నుంచి కుర్రకారు బైకుల మీద వచ్చి కమలి మెడ చుట్టూ చేతులు వేసి సెల్ఫీలు దిగసాగారు. గౌరమ్మ ఆవు మీద దుప్పటి కప్పింది. వాళ్ళు దుప్పటితో సహా ఫోటో తీసుకున్నారు. అప్పుడామె నిర్ణయించుకుంది: ఈనే వరకు కమలిని కుప్పం అవతల, గుడుపల్లెలో ఉన్న తమ్ముడు మునెప్ప ఇంట్లో దాచాలి.

నెలలు నిండిన పశువును బండి ఎక్కించవద్దని పశువుల డాక్టరు చెప్పాడు. నేనూ చెప్పాను. ఈ వ్యవహారం మొత్తంలో నిజమైన ప్రమాదం ఆ ప్రయాణం ఒక్కటేనని, దాన్ని మనమే కొనితెచ్చుకుంటున్నామని వివరించాను.

“డాక్టరు దిష్టికి సూది ఏస్తాడా సారూ?” అని ఆమె గడ్డి పరవడానికి వెళ్ళిపోయింది.

మదనపల్లె మార్కెట్టుకు టమోటాలు తోలే అబ్దుల్ జబ్బార్ తన బండి తెచ్చాడు. కమలిని ఎక్కించే ముందు తానే దాని కొమ్ముకు నల్లదారం కట్టాడు.

“నువ్వు కూడానా, జబ్బార్?”

“మా ఇండ్లల్లో నజర్ అంటాము సార్, మీ ఇండ్లల్లో దిష్టి అంటారు. బండి మాత్రం రెండిటికీ పంచరవుతాది.” నవ్వి, గౌరమ్మ వైపు తిరిగాడు. “ముందు కూర్చో అమ్మా. టమోటాలు గూడా నలగకుండా తోలేటోణ్ణి, నీ బిడ్డను నలగనిస్తానా?”

పలమనేరు దాటాక రోడ్డు తవ్వి వదిలేశారని, అక్కడ కమలి ఒకసారి మోకాళ్ళ మీద పడి లేచిందని ఆ సాయంత్రం గౌరమ్మ ఫోనులో చెప్పింది.

శుక్రవారం తొలి ఆటకు మాలతి ముందే రెండు టికెట్లు తీసుకుని ఉంది. అవ్వ కోసం తీసిన టికెట్టు నాకు వచ్చింది. మదనపల్లెలో హాలు కిక్కిరిసింది. కమలి తెర మీదికి రాగానే వెనక వరుసల్లో ఈలలు లేచాయి.

“మన పుంగనూరు ఆవురా రేయ్!”

మాలతి పెదవులు తల్లి ఆవు మాటలతో పాటు కదులుతున్నాయి. ఆ ముఖం చూస్తే ఇన్నేళ్ళూ ఈ పూట కోసమే పెరిగినట్టుంది.

ఇంటర్వెల్ అయి, తల్లి ఆవు కొండ ఎక్కడం మొదలుపెట్టినప్పుడు ఫోను వచ్చింది. గౌరమ్మ గొంతు నాకూ వినిపించింది.

“నొప్పులొచ్చినాయి మాలతీ. కాళ్ళు కనబడతాండాయి, తల రాలేదు. పక్కకు తిరిగిండాదంట. కుప్పం నించి డాక్టరు వస్తాండాడు. ఆడ ఆట మొదలయిందా?”

“అయింది అవ్వా.”

“కమలి కనబడతాండాదా?”

మాలతి తెర వైపు చూసింది. “కనబడతాండాది.”

“ఆపమని చెప్పమ్మా! ఆ మిషనాయన కాళ్ళు పట్టుకోనన్నా ఆపించు!”

“ఎట్లా ఆపేది అవ్వా? హాలు నిండా జనం ఉండారు.”

“అయితే నువ్వన్నా సూడొద్దు. నువ్వన్నా.”

“సరే అవ్వా.”

ఆమె ఫోను ఒడిలో పెట్టుకుని, తల వంచి, చున్నీని ముఖం మీదికి లాక్కుంది.

నేను వంగి మెల్లగా అన్నాను: “మాలతీ, నువ్వు చూడకపోయినంత మాత్రాన గుడుపల్లెలో దూడ తల సరిగా తిరగదు.”

“తెలుసు సార్.”

“మరి?”

“అవ్వకు సరే అన్నాను గదా.”

తెర మీద కమలి రాళ్ళ మధ్య నిలబడి అరిచింది. మాలతి అవతల కూర్చున్న లావుపాటి ఆమె ముక్కు తుడుచుకుంటూ, “ఏమ్మా, తలనొప్పా? ఇంత డబ్బు పోసి వచ్చి నిద్రపోతాండావా? సూడు, నోరులేని జీవం ఎట్లా ఏడిపిస్తాండాదో!” అంది. చున్నీ కింద నుంచి తల్లి ఆవు మాటలు, తెర మీది గొంతుకు ఒక్క క్షణం ముందుగా, సన్నగా వినిపిస్తూనే ఉన్నాయి.

నేను తెర వైపే చూశాను. తెలిసీ చూసేవాడు ఒక్కడైనా లేకపోతే ఆ నమ్మకానికి పరీక్షే ఉండదు. అయితే నేను చూస్తున్నది కొండను కాదు. పలమనేరు అవతలి తవ్విన రోడ్డును, మోకాళ్ళ మీద పడిన ఆవును. దూడ తల తిరగడానికి ఆ కుదుపే కారణమా అన్నది నాకు తెలియదు. కాదని చెప్పగల ఆధారం కూడా నా దగ్గర లేదు.

ఫోను మళ్ళీ మోగలేదు. తప్పిపోయిన దూడ దొరికింది, జనం చప్పట్లు కొట్టారు, దీపాలు వెలిగాయి. మాలతి అప్పుడు గానీ తల ఎత్తలేదు. బయట సైకిల్ స్టాండు దగ్గర నిలబడి తనే ఫోను చేసింది. మొదటిసారి ఎవరూ ఎత్తలేదు. రెండోసారి మునెప్ప ఎత్తాడు.

డాక్టరు చెయ్యి పెట్టి తల సరిచేసి దూడను బయటికి లాగాడు. పెయ్యదూడ. కాసేపటికి లేచి నిలబడి పాలు తాగింది. కమలి మావి వేసింది, కుడితి తాగింది. మదనపల్లెలో ఆ ఆటకు ఒక్క సీటు కూడా ఖాళీ లేదు. మాలతి సినిమాలో రెండో సగం చూడలేదు.