సేవ్ చేయని అంచు

"లే, ఆనంద్ సేటు అచ్చిండు. చాయ్ పెట్టు" అని రవీందర్ భుజం తట్టగానే భాగ్యశ్రీ కంప్యూటర్ ముందున్న కుర్చీ ఖాళీ చేసింది. ఇంకొక్క వరుస గీస్తే చీర అంచు పూర్తయ్యేది. వంటింట్లో పొయ్యి మీద పాలు పెట్టిందేగాని మనసంతా ముందుగదిలోనే ఉంది.

సిరిసిల్లలో చీరల డిజైన్లు గీసి సేట్లకు ఇచ్చే ఆ దుకాణం బోర్డు మీద ఉన్నది మొగుడి పేరు. ఎనిమిదేళ్ళుగా గీసేది మాత్రం ఆమె. ఆడమనిషి గీసిందంటే రేటు దింపుతారని రవీందర్ అంటే నిజమే కాబోలు అనుకుంది. అత్త వెంకటవ్వ వాడకట్టులో అందరికీ చెప్పేది, మా కోడలిది కూర్చునే పనేనని. ఆ కూర్చునే పనికి ముందు బోళ్ళు, తర్వాత బట్టలు ఉంటాయని ఎవరికీ గుర్తుండదు. పెళ్ళయిన కొత్తలో రవీందరే ఆమె చేతి మీద చెయ్యి వేసి మౌస్ తిప్పడం నేర్పాడు, నీ చెయ్యి మంచిదన్నాడు. ఆ ఒక్క జ్ఞాపకాన్ని పట్టుకుని ఆమె ఇన్నేళ్ళూ ఎన్నో మాటలు మింగింది.

ఆ పొద్దు గీస్తున్న అంచు సేట్ల కోసం కాదు. అమ్మ మొగిలవ్వ బుగ్గారంలో బీడీలు చుడుతూ కట్టుకునే చీరది. మూడేళ్ళ కింద ఆ చీరతోనే అమ్మను సాగనంపారు. ఫొటో కూడా లేదు. చిన్నప్పుడు అమ్మ ఒడిలో పడుకుని ఆ అంచు మీద వేలు పోనిచ్చిన గుర్తు ఒక్కటే మిగిలింది. ఎన్నోసార్లు గీయబోయి, రాక వదిలేసింది. ఆ పొద్దెందుకో పువ్వులూ, వాటి మధ్య వంకర తీగా వాటంతటవే చేతికి వచ్చాయి. ఫైలుకు అమ్మ పేరు పెట్టాలా వద్దా అని తటపటాయిస్తూ ఇంకా సేవ్ చేయలేదు.

వాళ్ళ లినక్స్ కంప్యూటర్లో బొమ్మను తెర మీదికి తెచ్చేవి రెండు. ప్రాసెసర్‌లోనే కలిసి ఉండే చిన్న గ్రాఫిక్స్ ఒకటి, విడిగా బిగించిన పెద్ద కార్డు ఒకటి. గీయడానికి చిన్నది చాలు. చీరను తెర మీది ఆడబొమ్మకు కట్టి, కుచ్చిళ్ళు ఊగేలా తిప్పి చూపాలంటే పెద్దదానికి మార్చాలి. దాని వేడీ, ఫ్యాను మోతా రవీందర్‌కు గిట్టవు, ఎప్పుడూ చిన్నదాని మీదే ఉంచమంటాడు. మార్చాలంటే ఒక లైను టైప్ చేసి, లాగౌట్ అయి, మళ్ళీ లాగిన్ కావాలి. తెరిచి ఉన్నవన్నీ మూసుకుపోతాయి గనుక ముందు అన్నీ సేవ్ చేసుకుని ఆమే మార్చేది. అతను వెనక నిలబడి చూసి, ఇంతేనా అనేవాడు.

ఆమె కప్పులతో వచ్చేసరికి తెర మీద సేటు కోసం ఇదివరకు గీసిన చీర ఎక్కడా ఆగకుండా తిరుగుతోంది. ఫ్యాను మోగుతోంది. సేటు వాకిట్లో ఫోన్ మాట్లాడుతున్నాడు.

"లాగౌట్ చేసినవా?"

"చిన్నదాంట్ల ఆగి ఆగి తిరుగుతుంటే మార్చిన. సేవ్ చేయనిది పోతదని ఏదో అడిగింది, సరే అని కొట్టిన."

"అండ్ల నా అంచు ఉండె."

"ఏమైతది? మళ్ళ గీయి. గంట పని."

ఆమె నిలబడ్డచోటే కళ్ళు మూసుకుంది. అమ్మ ఒడి గుర్తొచ్చింది, బీడీల తంబాకు వాసన గుర్తొచ్చింది. తీగ ఎటు వంగిందో మాత్రం రాలేదు. పొద్దున వచ్చింది, ఇప్పుడు లేదు. అమ్మ మళ్ళీ పోయింది. అప్పుడు ఏడవడానికైనా పదిమంది ఉన్నారు.

ఫోన్ ముగించి లోపలికొచ్చిన ఆనంద్ సేటుకు ఇదేదీ తెలియదు. కోరుట్లలో తన దుకాణానికి ఇకమీదట డిజైన్లన్నీ ఇక్కడినుంచే కావాలన్నాడు. ఇంత మంచి చెయ్యి ఎవరిదని అడిగాడు. రవీందర్ ఆమె వైపు చూడకుండానే నవ్వాడు.

"నాదే సేటు. ఇంకో అంచు గూడ రేపే గీసి పంపుత."

భాగ్యశ్రీ కప్పు సేటు ముందు పెట్టింది.

"ఆయనకు గీసుడు రాదు సేటు. ఎనిమిదేండ్ల సంది గీసింది నేను. ఇగ ఆయన పేరు మీద నేను గీయ."