ఖుర్షీద్ హస్తవాసి

భార్య అస్మా ఈ మధ్య చాయ్ సగం కప్పే పోస్తోంది. ఎందుకని ఖుర్షీద్ అడగలేదు. ఆమె చెప్పలేదు. ఆ సగం అయ్యాక మిగతా సగం పోస్తుంది. ఆయన కప్పును రెండు చేతులతో పట్టుకుని, గోడవైపు తిరిగి తాగుతాడు. చొక్కా పైగుండీ కూడా ఆమే పెడుతుంది, కాలర్ మీద దుమ్ము దులపడానికి వచ్చినట్టు దగ్గరికి వచ్చి.

జగిత్యాల డాక్టర్ గోళీలు రాసిచ్చాడు. వయసుతో వచ్చే చేతి వణుకేనని, ప్రాణానికి ఏమీ కాదని చెప్పాడు. ఖుర్షీద్ తల ఊపి వచ్చేశాడు. ప్రాణం గురించి ఆయన అడగనేలేదు.

కోరుట్లలో సుదర్శన్ కంప్యూటర్ల దుకాణం తెరిచిననాటి నుంచీ బిగింపు పని ఖుర్షీద్‌దే. అరవైకి దగ్గర పడుతున్న సన్నటి మనిషి. గోరింటాకు పెట్టిన గడ్డం, దారం కట్టిన కళ్ళజోడు. కుడి బొటనవేలి మీద సన్నటి గాడి ఒకటి ఉంటుంది. అది సిరిసిల్ల గుర్తు. వయసులో ఉన్నప్పుడు అక్కడ మరమగ్గాల మీద, వాళ్ళ మాటలో సాంచల మీద, పనిచేశాడు. మరమగ్గం అచ్చు సందుల్లోంచి ఒక్కొక్క పోగునూ ఉక్కు కొక్కెంతో లాగేవాడు. తల్లి జులేఖాబీ పక్కనే కండెలు చుట్టేది. సాంచలు ఆగిపోయాక అన్నీ అక్కడే వదిలేసి వచ్చాడు గానీ, కొక్కెం మాత్రం జేబులో వచ్చింది. దాని పిడికి తల్లి చుట్టిన తెల్ల నూలు ఉంది, వేళ్ళు జారకుండా.

ఆ కొక్కెం ఇక్కడా పనికొచ్చింది. ఏఎండీ పాతరకం ప్రాసెసర్లకు అడుగున వెంట్రుకల్లాంటి కాళ్ళుంటాయి. ఎవరి తొందరకైనా ఒకటి వంగితే ఖుర్షీద్ కొక్కెం మొనతో మెల్లగా లేపి, వరసలో నిలబెట్టేవాడు. ఇంటెల్ చిప్పుకు కాళ్ళుండవు, అడుగు నున్నగా ఉంటుంది. అది కూర్చునే బోర్డు మీదే సన్నటి తీగలు పరుచుకుని ఉంటాయి. చిప్పు చేయి జారి వాటి మీద పడితే నలిగిపోతాయి. వాటిని ఏ కొక్కెమూ లేపలేదు.

కిందటి నెలలో అలా జారింది. జారిందని సుదర్శన్‌కు దాచకుండా చెప్పాడు. "అయితది చాచా, ఎవ్వలకైనా అయితది" అన్నాడతను. చెయ్యి సంగతి మాత్రం ఖుర్షీద్ చెప్పలేదు. అప్పటి నుంచి ఎవరొచ్చి ఏది కొనాలని అడిగినా ఖుర్షీద్ నోట ఏఎండీ పాతరకం మాటే వస్తోంది. అందులో అబద్ధం లేదు. అది మంచి సరుకే, చాలామందికి సరిపోయేదే. అయినా పొద్దుటి నమాజులో నుదురు నేలకు ఆనించినప్పుడల్లా ఒక ప్రశ్న అక్కడే కాచుకుని ఉండేది. అబద్ధం కానిదంతా నిజమేనా?

ఆ రోజు సుదర్శన్ సరుకు కోసం జగిత్యాల వెళ్ళాడు. ఖుర్షీద్ బల్ల తుడిచి, స్క్రూడ్రైవర్లు వరసగా పెట్టి, కొక్కేన్ని గుడ్డతో తుడుస్తుండగా ఒకప్పటి కల్లుగీత కార్మికుడు సత్తయ్య బిడ్డను వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఖుర్షీద్ భాయ్, మా పెద్దోడు శ్రీధర్‌కు నువ్వు బిగించిన కంప్యూటర్ల సదివితేనే నౌకరి అచ్చింది. ఇగ మా సృజనకు గూడ నీ శెయ్యే పడాలె. మద్యాన్నం రాహుకాలం అస్తది, గంతకు ముందే కానియ్యి. మా ఇంటామె ఎల్లవ్వ మరీ మరీ చెప్పింది."

సృజన జగిత్యాలలో డిగ్రీ చదువుతోంది. జుట్టు బిగించి కట్టుకుని, ఫోన్‌లో రెండు ప్రాసెసర్ల బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని వచ్చింది.

"రాత్రంత వీడియోలు చూసిన చాచా. ఒకడు ఇంటెల్ అంటడు, ఒకడు ఏఎండీ అంటడు. నెత్తి పగిలింది."

"నాకైతే రెండు బిస్కెట్ల లెక్కనే కొడుతున్నయ్" అన్నాడు సత్తయ్య.

"నువ్వాగు బాపూ."

ఖుర్షీద్ నవ్వాడు. "ఏం ఆడుతవ్ బిడ్డా?"

"మేం నలుగురు పిల్లలం ఒక టీము చాచా. నేను ఆడుకుంటనే ఆటను లైవ్ పెడుత. ఇప్పుడున్నదాంట్ల లైవ్ పెట్టంగనే ఆట ఆగాగి అస్తది. నా తోనే టీము ఓడిపోతున్నది. అచ్చే నెల పోటీల నన్ను తీసేస్తరో ఏమో."

ఆమె చెప్పడం పూర్తికాక ముందే జవాబు ఖుర్షీద్‌కు తెలిసింది. ఆటనూ లైవ్‌నూ ఒకేసారి మోయాలంటే ఆ రెంటిలో ఇంటెలే నయం. ధరలో పెద్ద తేడా కూడా లేదు. కానీ నెల రోజులుగా అలవాటైన నాలుక ముందే కదిలింది.

"ఏఎండీ తీస్కో."

"సరే చాచా." సృజన ఫోన్ ఆర్పి సంచిలో వేసుకుంది. ఎందుకని అడగలేదు. రాత్రంతా చూసినదాన్ని ఒక్క మాటకు పక్కన పెట్టేసింది.

ఖుర్షీద్ లేచి అరలోంచి డబ్బా తీశాడు. లోపల చిప్పు సన్నగా గలగలమంది. పక్కన నిలబడ్డ సత్తయ్య డబ్బా వైపు చూడటం లేదు, దాన్ని పట్టుకున్న చేతి వైపు చూస్తున్నాడు. ఖుర్షీద్ డబ్బాను తిరిగి అరలో పెట్టాడు.

"ఆగు బిడ్డా. గది నీకు కాదు. ఇంటెల్ తీస్కో. దాంట్ల పని పంచుకునేటియి ఎక్కువున్నయ్. ఆట ఒకదిక్కు నడుస్తది, లైవ్ ఒకదిక్కు నడుస్తది."

"మరి మొదలు గట్లెందుకన్నరు చాచా?"

"నీ కోసం అనలేదు. నా కోసం అన్న."

ఆమెకు అర్థం కాలేదు.

బోర్డును బల్ల మీద పరిచాడు. కడ్డీ ఎత్తి, రేకు మూత లేపాడు. తీగలు నీళ్ళలా మెరిశాయి. చిప్పును అంచుల దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని వాటి పైకి తెచ్చాడు. చిప్పు వీపు మీద ట్యూబులైటు వెలుగు సన్నటి గీతలా పడింది. ఆ గీత ఆగడం లేదు. ఊపిరి బిగబట్టాడు. మోచెయ్యి బల్లకు ఆనించాడు. గీత ఇంకా కదులుతూనే ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుని, చిప్పును దాని ప్లాస్టిక్ డొల్లలో పెట్టేశాడు.

సత్తయ్య స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు.

"చెట్టెక్కేటోని కాలు వణికితే కల్లు తాగిండంటరు భాయ్. నాకు తాగకుంటనే వణికింది. సగం చెట్టు మీద. ఎట్ల దిగిన్నో నాకే ఎరుకలేదు. ఎవ్వలకు చెప్పలే. ఇంటికచ్చి మోకు దండెం మీద ఏసిన. ఎల్లవ్వ చూసింది, ఏం అడగలే. పొద్దుగాల చూస్తే మోకు చుట్టచుట్టి అటకెక్కిచ్చింది."

ఖుర్షీద్‌కు సగం కప్పు చాయ్ గుర్తొచ్చింది.

"బిడ్డా, నువ్వే పెట్టు" అన్నాడు.

"నేనా? అమ్మ మీ శెయ్యే అన్నది కద చాచా."

"నా శెయ్యి ఇగ మాట ఇంటలేదు. నేను చెప్త, నువ్వు పెట్టు. మూలకు బంగారు రంగు త్రికోణం ఉన్నది చూడు. గది బోర్డు మీది గుర్తు దిక్కు రావాలె. పైన వత్తకు. దానంతట అదే కూసుంటది."

సృజన చేతులు చున్నీకి తుడుచుకుంది. చిప్పు పట్టుకుని ఆగింది.

"మీరేదో అంటరట కద పెట్టేముందు. శ్రీధరన్న చెప్పిండు. అనుండ్రి."

"బిస్మిల్లా" అన్నాడు ఖుర్షీద్. గొంతు మాత్రం వణకలేదు.

చిప్పు చప్పుడు లేకుండా కూర్చుంది. కడ్డీ నొక్కితే కరకరమంది. సృజన భయపడి చెయ్యి తీసేసింది. "గంతే బిడ్డా, గట్లనే అంటది. గట్టిగ నొక్కు" అన్నాడాయన. మిగతా బిగింపంతా ఆయన చెబుతుంటే ఆమే చేసింది. స్క్రూ జారినప్పుడల్లా సత్తయ్య నేల మీద వంగి వెతికి ఇచ్చాడు. తెర మీద వెలుగు వచ్చేసరికి సృజన ఖుర్షీద్ పాదాల వైపు వంగబోయింది. ఆయన ఆపి, ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. అక్కడ కూడా అది వణుకుతూనే ఉంది. ఆమె తల తీయలేదు.

"ఎవ్వలు పెడితేంది, నీ శెయ్యే భాయ్ గది" అన్నాడు సత్తయ్య పెట్టె భుజానికెత్తుకుంటూ.

వాళ్ళు వెళ్ళాక ఖుర్షీద్ మసీదుకు వెళ్ళి వచ్చాడు. సత్తయ్య అన్నది నిజమా, ఓదార్పా? దేవుడు ఒక మనిషి చేతిలో ఏదో పెట్టి, పని అయ్యాక వెనక్కి తీసుకుంటాడా, లేక అది ఎన్నడూ ఆ చేతిది కాదా? ఆ రోజు నమాజులో జవాబు దొరకలేదు. దొరకనందుకు మనసు కష్టపెట్టుకోలేదు కూడా.

సుదర్శన్ పొద్దు వాలకముందే సరుకుతో వచ్చాడు. కొత్త డబ్బాలు అరల్లో సర్దడం అయ్యేదాకా ఆగి, ఖుర్షీద్ చెప్పులేసుకున్నాడు.

"రేపటి సంది రాను బాబూ."

"పానం బాగలేదా చాచా? రెండు దినాలు ఆగి రా."

ఖుర్షీద్ కుడిచెయ్యి చాపి చూపించాడు. సుదర్శన్ చాలాసేపు చూశాడు. తర్వాత ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

ఖుర్షీద్ గడప దిగి, సైకిల్ తీశాడు. బొటనవేలితో గంట ఒక్కసారి మోగించబోతే రెండుమూడుసార్లు మోగింది. బల్ల వైపు చూసిన సుదర్శన్ గబగబా బయటికి వచ్చాడు.

"చాచా, కొక్కెం మరిచినవ్!"

"ఉండనియ్యి. ఇప్పుడచ్చే చిప్పులకు కాళ్ళెక్కడియి" అన్నాడు ఖుర్షీద్, వెనక్కి తిరగకుండానే.

లోపల బల్ల మీద, పొద్దున్నే తుడిచి పెట్టిన చోటే కొక్కెం ఉంది. పిడికి జులేఖాబీ ఎన్నడో చుట్టిన తెల్ల నూలు, కొడుకు చేతి చెమటకు గోధుమరంగు తిరిగి, ఒక్క వరస కూడా సడలకుండా.