రాకుమారికి నచ్చింది

పొద్దున్నే ఇష్‌బెల్ టీచరు పాలసీసాల్ని పొయ్యి పక్కన పేర్చి, పిల్లల తడి కోట్లు ఆరేసి, బొమ్మల పాటకథల పుస్తకం తెరిచేది. ఆ దీవి బడిలో ఒకటో తరగతికి రోజూ అదే మొదటి పని. చరణం చివరి మాట ఆవిడ మింగేసేది, పిల్లలు అరిచి చెప్పేవాళ్ళు. వాళ్ళు ఏ మాటంటే బొమ్మ దానికి తగ్గట్టు మారేది. కిందటి వారం ఎవరో కొంటెగా జావ అంటే కోట గోడలమ్మట జావ కారింది. టీచరు బల్ల తుడుచుకుని పేజీ తిప్పింది.

ఆ పిల్లల్లో ఎఫీ ఒక్కతే నోరు విప్పేది కాదు. ఇంట్లో గొర్రెలతో సహా అందరితోనూ మాట్లాడుతుందట, బడిలో మాత్రం ఆరు నెలలుగా ఒక్క మాట లేదు. ఆడపిల్ల నోరు విప్పితే గయ్యాళి, విప్పకపోతే మందమతి. హెడ్మాస్టరు ఫార్కర్ రెండోది ఖాయం చేసుకుని, ఐదేళ్ళ పిల్లని పడవెక్కించి అవతలి ఒడ్డున మందమతుల హాస్టల్‌కి పంపే కాగితం పట్టుకొచ్చాడు. ఈ పొద్దు ఒక్క మాటైనా వినపడకపోతే సంతకం పెట్టేస్తానన్నాడు.

ఇష్‌బెల్ వాదించలేదు. పుస్తకం ఎఫీ ఒళ్ళో పెట్టి, మిగతావాళ్ళని నోటి మీద వేలేసుకోమంది.

“గుర్రమెక్కి రాజొచ్చె, గుప్పెడు ముత్యాలు తెచ్చె, కళ్ళెత్తి చూసిన రాకుమారికి...”

‘రాజు నచ్చె’ అని ఏటేటా కొత్త పిల్లలు అరుస్తూ, ఆమెకి రోజూ పెళ్ళి చేస్తూనే ఉన్నారు. బొమ్మలో రాకుమారి అలవాటు కొద్దీ చెయ్యి చాపింది. ఎఫీ ఆ మొహంకేసి చాలాసేపు చూసింది.

“గుర్రం నచ్చె,” అంది.

రాకుమారి చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, గుర్రమెక్కి పేజీ అంచు దాటి వెళ్ళిపోయింది. రాజు ముత్యాలు పట్టుకుని నిలబడిపోయాడు.

“పుస్తకంలో ఉన్న మాట అది కాదు,” అన్నాడు ఫార్కర్.

“మాట్లాడుతుందా అనే కదా సార్ మీ కాగితంలో ఉంది. మీకు నచ్చింది మాట్లాడుతుందా అని లేదుగా,” అంది ఇష్‌బెల్.

పేజీ తిప్పితే తెల్లగా ఉంది. ఆ తర్వాతదీ అంతే. రాకుమారి ఎటు పోయిందో పుస్తకానికి తెలీదు, టీచరుకీ తెలీదు. ఎక్కడికెళ్ళిందే అని పిల్లలంతా ఎఫీ చుట్టూ మూగారు. ముందు కళ్ళెం తీసేసిందని మొదలుపెట్టింది ఎఫీ. ఒక్కో మాటకీ ఆ తెల్ల పేజీ మీద బొమ్మలో ఒక్కో గీత పడుతోంది. తిండి గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ఫార్కర్ సంతకం లేని కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. పిల్లల కుర్చీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, మరి గుర్రానికి మేతెవరు పెడతారని అడిగాడు.

“ఆగండి, చెప్తున్నాగా,” అంది ఎఫీ.